లేని గద్దెకు వారసులు

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల నిధిలో పదిహేను వందలకు పైగా డెనేరియస్‌లు ఉన్నాయి. ఎక్కువగా మొదటి ఇద్దరు రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి. అగస్టస్ నాణేల్లో ఒక రకం దక్షిణ భారతంలో మరీ ఎక్కువగా బయటపడుతుంది. మన పాత పావలా అంత ఉంటుంది, నాలుగు గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. ఒక వైపు అగస్టస్ తల. మనిషికి అరవై దాటినా నాణెం మీద మాత్రం ఎప్పుడూ పాతికేళ్ల కుర్రాడే. రెండో వైపు టోగాలు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య రెండు డాళ్లు, రెండు ఈటెలు. పైన పూజారులు వాడే వంపు కర్ర, గరిటె. చుట్టూ ఉన్న అక్షరాల సారాంశం: గాయస్, లూషియస్ సీజర్లు, అగస్టస్ కొడుకులు, కాబోయే కాన్సుళ్లు (ఏటా ఇద్దరికి దక్కే అత్యున్నత పదవి), యువతకు నాయకులు.

ఈ నాణెం ముద్రణ క్రీ.పూ. 2లో మొదలైంది. క్రీ.శ. 2లో లూషియస్ మార్సేలో చచ్చిపోయాడు. క్రీ.శ. 4లో గాయస్ ఇప్పటి టర్కీ తీరంలోని లిసియాలో చచ్చిపోయాడు. నాణెం మాత్రం ఓడలెక్కి మన దాకా వచ్చింది. ‘కాబోయే’ అని చాటిన ఇద్దరిలో గాయస్ ఒక్కడే, క్రీ.శ. 1లో, కాన్సుల్ కాగలిగాడు. లూషియస్ అదీ కాకుండానే పోయాడు.

పుస్తకాల్లో దీన్ని వారసుల ప్రకటన అంటారు. ఉద్దేశం అదే, అందులో అనుమానం లేదు. కానీ అక్షరాలు మళ్లీ చదవండి. వారసుడు అన్న మాట ఎక్కడా లేదు. కొడుకులు, కాన్సుళ్లు, నాయకులు అని ఉందే తప్ప, వీళ్లు నా తర్వాత ఏలతారని లేదు. రాయడానికి వీల్లేదు కాబట్టే లేదు.

రోమన్ చక్రవర్తుల వారసత్వ గొడవలకు మనం మామూలుగా చెప్పుకునే కారణాలు పిచ్చి రాజులు, విషం పెట్టే రాణులు, మగపిల్లలు బతకని వంశం. నా లెక్కలో ఇవన్నీ రెండో వరస కారణాలు. మొదటిది చట్టానికి సంబంధించింది. రోములో చక్రవర్తి అనే పదవే లేదు. లేని పదవి ఎవరికి దక్కాలో ఏ చట్టం చెబుతుంది?

జూలియస్ సీజర్‌ను క్రీ.పూ. 44లో పొడిచి చంపింది రాజు కాబోతున్నాడన్న అనుమానంతోనే. అతని అక్క మనవడు అగస్టస్ ఆ పాఠం మర్చిపోలేదు. క్రీ.పూ. 27 జనవరి 13న అధికారాలన్నీ సెనేట్ అనే పెద్దల సభకూ ప్రజలకూ తిరిగి ఇచ్చేస్తున్నానన్నాడు. మూడు రోజులు తిరిగేసరికి ‘అగస్టస్’ అనే బిరుదు వచ్చింది. సైన్యం ఎక్కువగా ఉన్న స్పెయిన్, గాల్, సిరియాలు పదేళ్ల గడువుతో అతని చేతికే వచ్చాయి. రిపబ్లిక్ ఎక్కడికీ పోలేదని లోకానికి చెప్పుకున్నాడు. ఆ మాటకు కట్టుబడ్డాక నా తర్వాత నా కొడుకు అనడం కుదరదు. అలా అంటే రాజునని ఒప్పుకున్నట్టే.

మరి అతని చేతిలో ఉన్నదేమిటి? మూడు వేర్వేరు మూటలు. మొదటిది సెనేట్, ప్రజాసభ ఓటేసి ఇచ్చిన అధికారాలు. ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల ప్రతినిధి) పదవి లేకుండానే ట్రిబ్యూన్ అధికారం, అంటే సెనేట్‌ను పిలిచే హక్కు, ఎవరి నిర్ణయాన్నైనా ఆపే హక్కు, ఒంటి మీద చెయ్యి వేస్తే మహాపాపమనే రక్షణ. దాంతోపాటు ఏ రాష్ట్రంలోని గవర్నరు కంటేనైనా పెద్దదైన సైనికాధికారం. ఇవి ఆ మనిషికి ఇచ్చినవి, మనిషితోనే పోతాయి. రెండో మూట ఆస్తి, పేరు. ఇవి సొంతం, వీలునామాలో రాసుకోవచ్చు. మూడోది సైన్యం చేసిన ప్రమాణం. అది ఏ కాగితంలోనూ ఇమడదు, సైనికుల మనసులో ఉంటుంది. వాళ్ల జేబులో ఉంటుందన్నా తప్పులేదు.

మూడు మూటలూ మూడు దారుల్లో చేతులు మారాలి, అదీ ఒకే రోజు ఒకే మనిషి చేతికి రావాలి. తర్వాతి వందేళ్లలో జరిగిన ప్రతి గొడవా వీటిలో ఏదో ఒకటి దారి తప్పడం వల్ల వచ్చిందే.

ఈ ఇబ్బంది అగస్టస్‌కే మొదట ఎదురైంది. క్రీ.పూ. 23లో జబ్బు చేసి చావు దాకా వెళ్లాడు. పెద్దలందరినీ పిలిచి పడక చుట్టూ నిలబెట్టారు. వారసుడి పేరు చెబుతాడని అందరూ ఎదురుచూశారు. చెప్పలేదు. సైన్యం, ఆదాయం వివరాలున్న కాగితాలను తన తోటి కాన్సుల్ పీసో చేతిలో పెట్టాడు. వేలికున్న ముద్ర ఉంగరం తీసి పాత స్నేహితుడు, సేనాని అగ్రిప్పా చేతిలో పెట్టాడు. మేనల్లుడూ అల్లుడూ అయిన కుర్రాడు మార్సెల్లస్‌కు ఏమీ ఇవ్వలేదు. దీన్ని అగస్టస్ ఎటూ తేల్చుకోలేకపోవడం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం చాలా కచ్చితమైన పనిగా కనిపిస్తుంది. ప్రభుత్వ కాగితాలు ప్రభుత్వ పదవిలో ఉన్నవాడికి, సొంత ఉంగరం సొంత మనిషికి. మూటలు వేరని తెలిసినవాడు చేసే పంపకం అది. తర్వాత ఆంటోనియస్ మూసా అనే వైద్యుడు చన్నీళ్ల చికిత్సతో బతికించాడు. అదే ఏడు మార్సెల్లస్ పోయాడు.

ఇక దత్తత. ఈ మాట దగ్గర తెలుగు పాఠకుడు పొరపడే అవకాశం ఉంది. మన దగ్గర దత్తత అంటే కొడుకు లేనివాడు, పిండం పెట్టే దిక్కు కోసం, చిన్నపిల్లవాణ్ణి తెచ్చుకోవడం. 1956 హిందూ దత్తత చట్టం కూడా కొడుకున్నవాడు మరో కొడుకును దత్తత తీసుకోకూడదంటుంది. ఆచారం ఒప్పుకుంటే తప్ప పిల్లవాడికి పదిహేనేళ్లు నిండి ఉండకూడదంటుంది. రోమన్ దత్తత దీనికి దాదాపు తలకిందులు. కొడుకు ఉన్నా తీసుకోవచ్చు, పెద్దవాణ్ణీ తీసుకోవచ్చు. పిండం కన్నా పేరు, ఆస్తి, వంశానికున్న అనుచరగణం ముఖ్యం.

తండ్రి చాటున ఉన్న పిల్లవాణ్ణి దత్తత తీసుకోవాలంటే ఉత్తుత్తి అమ్మకం జరపాలి. అయిదుగురు పెద్దమనుషులు సాక్షులు, ఒకడు త్రాసు పట్టుకుంటాడు, కొనేవాడు రాగి ముక్కతో త్రాసును తాకిస్తాడు. ఇలా మూడుసార్లు అమ్మితే కన్నతండ్రికి కొడుకు మీద హక్కు పోతుంది. గాయస్, లూషియస్‌లు అగస్టస్‌కు కూతురు జూలియా కొడుకులు. క్రీ.పూ. 17లో, మార్సెల్లస్ పోయాక అల్లుడైన అగ్రిప్పా దగ్గర ఇలాగే త్రాసుతో, రాగి ముక్కతో వాళ్లను ‘కొన్నాడు’. అప్పటికి పెద్దవాడికి మూడేళ్లు, చిన్నవాడు అదే ఏడు పుట్టాడు.

ఆ ఇద్దరూ పోయాక, క్రీ.శ. 4 జూన్‌లో, భార్య లివియా మొదటి పెళ్లి కొడుకు టైబీరియస్‌ను దత్తత తీసుకున్నాడు. టైబీరియస్‌కు అప్పటికి 44 ఏళ్లు. సైన్యాలు నడిపినవాడు, సొంత కొడుకు డ్రూసస్ ఉన్నవాడు. అయినా అగస్టస్ ఒక షరతు పెట్టాడు: ముందు నువ్వు నీ తమ్ముడి కొడుకు జెర్మానికస్‌ను దత్తత తీసుకో, తర్వాత నేను నిన్ను తీసుకుంటాను. ఈ వరసలో చట్టపరమైన కిటుకుంది. దత్తత జరిగిన క్షణం నుంచి టైబీరియస్ తండ్రి అధికారం కిందికి వస్తాడు. అప్పుడు తనంతట తాను ఎవరినీ దత్తత తీసుకోలేడు. అంతేకాదు, సొంత ఆస్తి అంటూ ఉండదు. నిజంగానే ఆ తర్వాత టైబీరియస్ ఎవరికీ బహుమతులివ్వలేదు, బానిసలను విడిపించలేదు. తనకొచ్చిన వారసత్వపు సొమ్మును కూడా తండ్రి దయతలిచి ఇచ్చిన సొమ్ముగానే రాయించుకున్నాడు. జర్మనీ సరిహద్దుల్లో సైన్యాలను నడిపిస్తున్న మనిషికి చట్టం ప్రకారం చేతిలో చిల్లిగవ్వ లేదు.

అయితే దత్తత ఇచ్చింది పేరూ ఆస్తీ మాత్రమే. టైబీరియస్‌ను నిజంగా నిలబెట్టింది ట్రిబ్యూన్ అధికారం. అగస్టస్ కనిపెట్టిన పరికరాల్లో సరిగ్గా పనిచేసింది ఇదొక్కటే. తను బతికుండగానే వారసుడికి తనతో సమానంగా ఆ అధికారాన్ని సెనేట్ చేత ఇప్పించడం. క్రీ.పూ. 18లో అగ్రిప్పాకు, తర్వాత టైబీరియస్‌కు అలాగే ఇప్పించాడు. క్రీ.శ. 13లో టైబీరియస్‌కు రాష్ట్రాల్లో కూడా తనతో సమానమైన అధికారం చట్టం ద్వారా వచ్చింది. పాత మనిషి పోయేనాటికి కొత్త మనిషి చేతిలో మొదటి మూట అప్పటికే ఉండాలి. అగస్టస్ పద్ధతి అంతా ఇంతే.

క్రీ.శ. 14 ఆగస్టు 19న నోలా ఊళ్లో అగస్టస్ పోయినప్పుడు పని ఎలా జరిగిందో చూడండి. టైబీరియస్ అంగరక్షక దళానికి ఆ పూట సంకేత పదం ఇచ్చాడు, అంటే సైనికాధికారం తనదే అన్నట్టు. తనకున్న ట్రిబ్యూన్ అధికారంతోనే సెనేట్‌ను పిలిచాడు. ఇద్దరు కాన్సుళ్లు ముందు ప్రమాణం చేశారు, తర్వాత అంగరక్షక దళాధిపతి, ఆ తర్వాత ధాన్యం సరఫరా చూసే అధికారి. ఆ వరసే ఒక పాఠం. ముందు పరువు, వెంటనే కత్తి, ఆ వెంటనే తిండి. అగస్టస్ మనవడు అగ్రిప్పా పోస్తుమస్‌ను ప్లానాసియా దీవిలో చంపేశారు. వీలునామా ప్రకారం ఆస్తిలో టైబీరియస్‌కు మూడింట రెండు వంతులు, లివియాకు ఒక వంతు. ప్రజలకు 4 కోట్ల సెస్టెర్సులు (నాలుగు సెస్టెర్సులు ఒక డెనేరియస్). అంగరక్షకులకు తలా 1,000, నగర దళాలకు తలా 500, లెజియన్ సైనికులకు తలా 300.

ఇంత పకడ్బందీగా చేసినా మూడో మూట జారబోయింది. డాన్యూబ్ ఒడ్డున పన్నోనియాలో మూడు లెజియన్లు (ఒక్కోటి అయిదు వేల మంది దాకా ఉన్న సైన్యం), దిగువ రైన్‌లో నాలుగు తిరగబడ్డాయి. రోజుకు పది ఆస్‌లు చాలవు, ఒక డెనేరియస్ (పదహారు ఆస్‌లు) కావాలి, పదహారేళ్లకు ఇంటికి పంపాలి అని వాళ్ల కోరిక. రైన్ దళాలు జెర్మానికస్‌నే గద్దెనెక్కమన్నాయి. అతను ఒప్పుకోలేదు. అగస్టస్ రాసిన డబ్బును రెట్టింపు చేసి ఇస్తానని చల్లబరిచాడు. కొన్ని దళాలకు తన ప్రయాణపు ఖర్చుల డబ్బు, స్నేహితుల డబ్బు కలిపి అక్కడికక్కడే చెల్లించాడు. సెనేట్‌లో టైబీరియస్ తీసుకోనా వద్దా అని నసిగాడని, అదంతా నాటకమని చాలామంది తీసిపారేస్తారు. కొంత నాటకమే. కానీ ఏ పదవిని తీసుకుంటున్నానో చెప్పడానికి పేరే లేనప్పుడు, రైన్ దళాలు ఎటు తిరుగుతాయో తెలియనప్పుడు, ఇంకెవరున్నా నసిగేవారే.

టైబీరియస్ ఈ పరికరాన్ని మళ్లీ ఒక్కసారే వాడాడు. క్రీ.శ. 22లో కొడుకు డ్రూసస్‌కు ట్రిబ్యూన్ అధికారం అడిగాడు. మరుసటి ఏడే డ్రూసస్ పోయాడు. తర్వాత ఇంకెవరికీ ఇప్పించలేదు. అసలు ఇబ్బంది ఇక్కడే. పక్కన సమానాధికారం ఉన్నవాణ్ణి కూర్చోబెట్టుకోవడమంటే వారసుణ్ణి తయారుచేసుకోవడమే, పోటీదారును తయారుచేసుకోవడం కూడా. ఆ రోజుల్లోనే అంగరక్షక దళాధిపతి సెజానస్ చెల్లాచెదురుగా ఉన్న దళాలన్నిటినీ నగరం అంచున ఒకే కోటలోకి చేర్చాడు. అగస్టస్ తన రోజుల్లో మూడు దళాలకు మించి నగరంలో ఉంచలేదు. ఇప్పుడు తొమ్మిదీ ఒకే గోడ వెనక, ఒకే మాట మీద. సెజానస్‌ను 31లో చంపించినా కోట మాత్రం అలాగే మిగిలింది.

37 మార్చి 16న టైబీరియస్ పోయాడు. వీలునామాలో ఇద్దరు మనవళ్లకు, జెర్మానికస్ కొడుకు గాయస్‌కూ (మనం కాలిగులా అంటాం) డ్రూసస్ కొడుకు జెమెల్లస్‌కూ సమానంగా రాశాడు. రెండు ప్రతులు కూడా రాయించాడు. జాగ్రత్త మనిషి. ఏం లాభం? అంగరక్షక దళాధిపతి మాక్రో ఆ వీలునామా పట్టుకుని సెనేట్‌కు వెళ్లాడు. ముసలాయనకు మతి సరిగా లేదు, చెల్లదనిపించాడు. రెండు రోజుల్లోనే సెనేట్ గాయస్‌కు జైకొట్టింది. 24 ఏళ్ల కుర్రాడు, అంతకుముందు క్వెస్టర్ అనే కింది మెట్టు పదవి తప్ప ఏదీ చేయనివాడు. అగస్టస్ దశాబ్దాల తరబడి ఒక్కొక్కటిగా కూర్చుకున్న అధికారాలన్నీ ఇతనికి ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

వీలునామా చెల్లదన్నారు సరే. మరి ఆస్తి ఏ హక్కుతో వచ్చింది? 270 కోట్ల సెస్టెర్సులు. వీలునామా లేకపోతే ఇంటి మనవడు జెమెల్లస్‌కు వాటా రాకపోదు. ఎవరూ అడగలేదు. గాయస్ అతన్ని దత్తత తీసుకున్నాడు, ఏడాది లోపే చచ్చేలా చేశాడు. ‘దత్తత తీసుకున్నాడు’ అంటే ప్రేమ అనుకునేరు. తండ్రి అధికారం కిందికి తెచ్చుకుంటే సొంత ఆస్తి ఉండదని ఇంతకుముందే చూశాం. సొంతాస్తి, ప్రభుత్వ ఖజానా మధ్య గీత ఆ రోజుతో చెరిగిపోయింది. అప్పటి నుంచి అధికారం ఎటు పోతే ఆస్తి అటే.

పేరు కూడా అంతే అని 41 జనవరిలో తేలింది. కాసియస్ కైరియా అనే అంగరక్షక అధికారి మరికొందరితో కలిసి కాలిగులాను పొడిచి చంపాడు. సెనేట్ కాపిటల్ కొండ మీద కూడి స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చింది. ఆ రాత్రికి సంకేత పదం కూడా ‘స్వేచ్ఛ’ అనే పెట్టారు. అదే సమయంలో అంతఃపురంలో ఒక సైనికుడు తెర కింద కాళ్లు కనబడితే లాగి చూశాడు. హతుడి చిన్నాన్న క్లాడియస్. చంపేస్తారేమోనని వణికిపోతున్న 49 ఏళ్ల మనిషి, నడక తడబడుతుంది, మాట తడబడుతుంది. అతన్ని కోటకు మోసుకుపోయారు.

క్లాడియస్‌ను జూలియస్ వంశంలోకి ఎవరూ దత్తత తీసుకోలేదు. రక్తం వైపు చూస్తే లివియా మనవడు. సీజర్ అనే పేరు మీద చట్టం ప్రకారం హక్కు లేదు. అయినా పెట్టేసుకున్నాడు. ఒక ఇంటిపేరు బిరుదుగా మారింది ఆ రోజే. తర్వాత జర్మన్లు కైజర్ అన్నా రష్యన్లు జార్ అన్నా మూలం ఇదే. దానికి క్లాడియస్ చెల్లించింది తలా 15,000 సెస్టెర్సులు. అంగరక్షకుడి జీతం ఏడాదికి 3,000. అంటే అయిదేళ్ల జీతం. అగస్టస్ వీలునామాలో రాసినదానికి పదిహేను రెట్లు. దళానికి 500 మంది చొప్పున తొమ్మిది దళాలని తక్కువలో తక్కువ లెక్క వేసినా 6 కోట్ల 75 లక్షలు. లెజియన్ సైనికుడి ఏడాది జీతం 900. 5,000 మంది ఉన్న లెజియన్‌కు 45 లక్షలు. అంటే ఒక్క పూట ఖర్చుతో పదిహేను లెజియన్లను ఏడాది పాటు పోషించవచ్చు. క్లాడియస్ దీన్ని దాచలేదు కూడా. ఆ కోట బొమ్మ, ‘చక్రవర్తిని స్వీకరించారు’ అన్న మాట వేసి బంగారు, వెండి నాణేలు కొట్టించాడు. ఏటా ఆ తేదీన అంగరక్షకులకు తలా వంద సెస్టెర్సులు పంచాడు. దాదాపు డెబ్బై సంవత్సరాల కింద ‘నేను రాజును కాను’ అని చెప్పుకున్న వ్యవస్థ, అధికారం ఎక్కడి నుంచి వస్తుందో నాణెం మీద గోడల బొమ్మ గీసి చెప్పింది.

క్లాడియస్ పెళ్లి విషయం చెప్పకుండా ముందుకు పోలేను. 49లో అన్న జెర్మానికస్ కూతురు అగ్రిప్పినాను పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. రోమన్ చట్టం ప్రకారం అది పాపం. సెనేట్ తీర్మానం చేసి అన్నకూతురిని చేసుకోవచ్చంది. అక్కకూతురితో పెళ్లిని మాత్రం అలాగే నిషేధంగా ఉంచింది. తెలుగింట్లో అక్కకూతురు వరస, అన్నకూతురు కూతురు. ఎంత తలకిందులుగా వచ్చిందో చూడండి.

ఆ పెళ్లితో అగ్రిప్పినా కొడుకు నీరో వచ్చాడు. 50 ఫిబ్రవరి 25న దత్తత. క్లాడియస్‌కు బ్రిటానికస్ అనే సొంత కొడుకున్నా, నీరో అతనికన్నా మూడేళ్లు పెద్ద, అగస్టస్ మునిమనవరాలి కడుపున పుట్టినవాడు. నగరం బయట ప్రొకాన్సుల్ (రాష్ట్ర గవర్నరు స్థాయి) అధికారం, యువతకు నాయకుడన్న బిరుదు ఇప్పించారు. ట్రిబ్యూన్ అధికారం ఇప్పించలేదు. సగం పని. మిగతా సగం 54 అక్టోబర్ 13న అంతఃపురపు తలుపు దగ్గర జరిగింది. క్లాడియస్ అప్పటికే చచ్చిపోయాడు, కానీ వైద్యం జరుగుతోందని చెబుతూ శవానికి దుప్పట్లు చుట్టి కూర్చున్నారు. అతని ఆరోగ్యం కోసం సెనేట్ ప్రార్థిస్తోంది. బ్రిటానికస్‌ను అగ్రిప్పినా గదిలోంచి కదలనివ్వలేదు. సరిగ్గా మధ్యాహ్నం తలుపులు తెరిచారు. దళాధిపతి బుర్రస్ పక్కన నీరో బయటికొచ్చాడు. కాపలా దళం జైకొట్టింది. కొందరు అటూ ఇటూ చూసి బ్రిటానికస్ ఎక్కడని అడిగారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. జవాబు చెప్పేవాడు లేకపోవడంతో వాళ్లూ కలిసిపోయారు. పల్లకీలో కోటకు, అక్కడ క్లాడియస్ ఇచ్చినంతే ఇస్తామన్న మాట, ఆ తర్వాతే సెనేట్. వీలునామా అసలు చదవలేదు. కొడుకును కాదని సవతి కొడుకుకు ఇచ్చాడని జనం గొణుక్కుంటారని.

నలభై ఏళ్ల కింద వరస కాన్సుళ్లతో మొదలైంది. ఇప్పుడు కోటతో మొదలై సెనేట్‌తో ముగుస్తోంది.

నీరో తర్వాత గద్దెనెక్కిన గాల్బా కథ తెలిసినవాళ్లు అతను పిసినారితనం వల్ల పోయాడంటారు. కొంత నిజం. 68 జూన్‌లో నీరో పతనానికి అంగరక్షకులు ఒప్పుకున్నది దళాధిపతి నిమ్ఫీడియస్ గాల్బా పేరు మీద తలా 30,000 ఇస్తానన్నందుకు. క్లాడియస్ ధరకు రెట్టింపు. గాల్బా ఒక్క సెస్టెర్సు ఇవ్వలేదు. నా సైనికులను నేను ఎంచుకుంటాను, కొనను అన్నాడు. మాట గొప్పగా ఉంది. కానీ అప్పటికే బాకీపడిన బేరం అది, ఎగ్గొట్టాడు. 69 జనవరి 10న, ఉరుములు, వాన పడుతుండగా, డెబ్బై దాటిన ఆ ముసలాయన 30 ఏళ్ల పీసో లిసీనియానస్‌ను దత్తత తీసుకున్నట్టు కోటలో ప్రకటించాడు. డబ్బు మాట ఎత్తలేదు. ఎంతో కొంత చేతిలో పెట్టి ఉంటే నిలబడేవాడని టాసిటస్ అభిప్రాయం.

దత్తత తనకే దక్కుతుందని గాల్బా పక్షాన ఉన్న ఓథో ఆశపడ్డాడు. గాల్బా తన ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా కాపలా దళానికి తలా వంద సెస్టెర్సులు పంచుతూ వచ్చాడు. భోజనం ఖర్చు కింద రాసుకున్నాడు. జనవరి 15 ఉదయం గాల్బా అపోలో గుడిలో బలి ఇస్తున్నాడు, ఓథో పక్కనే నిలబడ్డాడు. సేవకుడు వచ్చి, ఇల్లు కట్టే మేస్త్రీ, కాంట్రాక్టర్లు ఎదురుచూస్తున్నారండీ అన్నాడు. అది గుర్తు మాట. పాత ఇల్లొకటి కొంటున్నాను, గోడలు చూసి రావాలని చెప్పి ఓథో జారుకున్నాడు. ఫోరమ్‌లోని బంగారు మైలురాయి దగ్గర అతన్ని చక్రవర్తీ అని పిలిచింది 23 మంది. ఇరవై ముగ్గురే! ఇంత తక్కువమందా అని ఓథోకే గుండె జారిందట. కుర్చీలో కూర్చోబెట్టి కత్తులు దూసి పరుగెత్తారు. దారిలో ఇంకో అంతమంది కలిశారు. కోటలో మిగతావాళ్లు. సాయంత్రానికి గాల్బా, పీసో ఇద్దరి తలలూ ఈటెల మీదున్నాయి.

సెనేట్ ఆ సాయంత్రమే ఓథోకు అన్నీ ఇచ్చేసింది. కానీ ట్రిబ్యూన్ అధికారం కోసం ప్రజాసభ తంతు జరిగింది ఫిబ్రవరి 28న. నెలన్నర పాటు పాలించినవాడికి తీరిగ్గా కాగితం వచ్చింది. అసలు కాగితాలు వేరే ఉన్నాయి. ఆ హత్యలో నా చెయ్యి ఉంది, బహుమానం ఇప్పించండి అని అర్జీ పెట్టుకున్నవాళ్లు నూట ఇరవై మందికి పైనే. ఆ అర్జీలు ఓథో తర్వాత గద్దెనెక్కిన విటెల్లియస్‌కు దొరికాయి. అందరినీ వెతికించి చంపించాడు. గాల్బా మీద అభిమానంతో కాదు. చక్రవర్తిని చంపడం అలవాటైతే రేపు తన వంతు వస్తుందని. డిసెంబర్‌లో వచ్చింది కూడా.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తర్వాతి రోజుల్లో, 96 నుంచి 180 వరకు, నెర్వా నుంచి మార్కస్ ఆరేలియస్ దాకా చక్రవర్తులు సమర్థులను ఎంచి దత్తత తీసుకున్నారు కదా, ఎనభై ఏళ్లకు పైగా బాగానే నడిచింది కదా అని. ఎంపిక సూత్రం అనేది తర్వాత కట్టిన కథ. మార్కస్‌కు ముందు ఉన్న నలుగురిలో ఎవరికీ బతికున్న కొడుకు లేడు. మార్కస్‌కు ఉన్నాడు, కొమొడస్‌కే ఇచ్చాడు. అంతకుమించి దీని మీద చెప్పడానికి ఏమీ లేదు.

మళ్లీ 69కి వస్తే, విటెల్లియస్ తర్వాత గద్దెనెక్కిన వెస్పాసియన్ మాత్రం ఈ లెక్క అర్థం చేసుకున్నవాడు. అతన్ని 69 జూలై 1న అలెగ్జాండ్రియాలో సైన్యం చక్రవర్తిగా ప్రకటించింది. రోములో సెనేట్ ఓటు డిసెంబర్ చివర్లో పడింది. తన పాలన లెక్కను అతను జూలై 1 నుంచే వేసుకున్నాడు. ఏ మూట ముందొస్తుందో దాచడం మానేశాడు.

సెనేట్ చేత చేయించిన చట్టం కంచు పలక ఇప్పటికీ రోములో కాపిటల్ కొండ మీది మ్యూజియంలో ఉంది. నిలువు 164 సెంటీమీటర్లు. మొదటి భాగం పోయింది, ఎనిమిది అధికరణాలు మిగిలాయి. ఒప్పందాలు చేసుకోవచ్చు, సెనేట్‌ను పిలవవచ్చు, పదవులకు తన మనుషులను సిఫారసు చేయవచ్చు, నగర హద్దులు పెంచవచ్చు, రాజ్యానికి మంచిదనుకున్నది ఏదైనా చేయవచ్చు. అగస్టస్‌కు, టైబీరియస్‌కు, క్లాడియస్‌కు ఉన్నట్టే అని వరసగా చెబుతుంది. కాలిగులా, నీరో, గాల్బా, ఓథో, విటెల్లియస్ పేర్లు లేవు. ఈ చట్టం రాకముందు అతను చేసినవన్నీ కూడా చట్టబద్ధమే అని చివర్లో ఒక మాట. పలక మీద మిగిలిన అక్షరాల్లో తర్వాత ఎవరు అన్నదాని మీద ఒక్క మాటా లేదు.

దాన్ని వెస్పాసియన్ పలక మీద వెతకలేదు. నా తర్వాత నా కొడుకులు, లేదంటే ఎవరూ కాదు అని సెనేట్‌లోనే చెప్పాడు. 71లో పెద్దకొడుకు టైటస్‌కు ట్రిబ్యూన్ అధికారం ఇప్పించాడు, అగస్టస్ పాత పరికరమే. దానికి తనది ఒకటి చేర్చాడు. అంగరక్షక దళాధిపతి పదవిని కూడా టైటస్‌కే ఇచ్చాడు. గద్దె మీద ఆశ పెట్టుకోలేని కింది హోదా వాళ్లకు ఇవ్వాలని అగస్టస్ పెట్టిన పదవి అది. సెజానస్, మాక్రో, నిమ్ఫీడియస్ కూర్చున్న కుర్చీ. వారసుణ్ణే అందులో కూర్చోబెడితే కోటతో బేరమాడేవాడు ఇంకెవరుంటారు? 79 జూన్‌లో వెస్పాసియన్ మంచాన పడి పోయాడు. ఒక్క కత్తీ బయటికి రాలేదు.

టైటస్ రెండేళ్లే బతికాడు. కొడుకు లేడు. తమ్ముడు డొమిషియన్‌కు ట్రిబ్యూన్ అధికారమూ ఇప్పించలేదు, దళాధిపతి పదవీ ఇవ్వలేదు. 81 సెప్టెంబర్‌లో టైటస్ సబీన్ కొండల్లో జ్వరంతో పడ్డాడు. చరిత్రకారుడు డియో మాట నమ్మితే అన్న ఊపిరి ఇంకా ఆడుతుండగానే డొమిషియన్ గుర్రమెక్కి రోముకు వచ్చాడు. సెనేట్ వైపు వెళ్లలేదు. నేరుగా కోటకు వెళ్లి, అన్న ఇచ్చినంతే ఇస్తానన్నాడు.